పన్నెండో గడి

భీమారంలో, హసన్‌పర్తి రోడ్డు పక్క సందులో
ఐదంతస్తుల ఇల్లొకటి లేస్తోంది.
దాన్ని తూచి రమ్మన్నారు నన్ను.
త్రాసు లేదు.
ట్యాబ్‌లో ఇరవై రెండు గళ్ళు,
మొదట్లో అంకెలు చెరిగిపోయిన టేపు,
చప్పుడు కొలిచే యాప్.

ఇసుక. ఎక్కడి నుంచి, ఎంత దూరం?
లారీ ఓదెలు టైరు మీద కాలు పెట్టి
"మానేరు మేడం, డెబ్బై కిలోమీటర్లు" అన్నాడు.
బీడీ ముట్టించుకుని,
"అంటే, మానేరు ఉండే కాడ" అన్నాడు.
రెండో ముక్కకి గడి లేదు.
డెబ్బై కొట్టాను.

కంకర. క్రషర్ పేరు చెప్పారు, కొండ పేరు ఎవరికీ తెలీదు.
సీతాఫలాలకు పోయే ఆడవాళ్ళు
దాన్నేదో పేరు పెట్టి పిలిచేవారట.
బిల్లు మీద ఇప్పుడది ఇరవై ఎం.ఎం.

సిమెంటు బస్తా యాభై కిలోలు.
అది పుట్టేటప్పుడు ఆకాశంలోకి వదిలింది
ఇంకో నలభై.
ఆ నలభై ఎవరూ భుజాన మోయలేదు,
ఎవరికీ కూలి పడలేదు.

ఇటుకలు రామగుండం బూడిదవి.
ఈ గడిలో మార్కులెక్కువ, పారేసేది వాడారు కనక.
బొగ్గు తీసిన గోతి వేరే ఫారంలో వస్తుంది,
వేరే ఎవరో నింపుతారు.

నీళ్ళ దగ్గర ఆగిపోయాను.
గోనెపట్టాలు చుట్టుకుని పిల్లర్లు
తడిగుడ్డ వేసిన జ్వరప్పిల్లల్లా నిలబడి ఉన్నాయి.
పైపు పట్టుకుని వాటి మధ్య తిరుగుతోంది సాంబలక్ష్మి.
రోజుకెన్ని లీటర్లమ్మా?
"లీటర్లు నాకేం ఎరుక బిడ్డా,
మోటరు గాలి కక్కేదాక పోస్త."
బోరు ఆరువందల నలభై అడుగులు.
పక్కింటి రాజేశం సారుని అడిగితే
గోడ మీంచి ఖాళీ బకెట్ ఎత్తి చూపించాడు,
మాట్లాడలేదు.
బకెట్ పట్టేది పద్దెనిమిది లీటర్లు.
ఖాళీకి కొలత తెలీదు నాకు.

పన్నెండో గడి:
నిర్మాణానికి ముందు స్థలంలో ఉన్నవి.
సైటు ఇంజినీరు నవ్వాడు,
"ఖాళీ ప్లాటే కద మేడం, నిల్ కొట్టెయ్యండి."
వేలు దాదాపు తాకింది కూడా.
ఊరికే, అడగాలని కూడా అనుకోకుండా అడిగాను:
ముందు ఏముండె ఈడ?
సాంబలక్ష్మి పైపు కింద పెట్టలేదు.
"రెండు కానుగ చెట్లుండె. తుంగ.
ఒక ముంగిస ఉండె, గోడ కట్టినంక కూడ
మూడు దినాలు వచ్చి చూసి పోయింది.
వాన పడితే ఈడ మోకాలుమంటి నీళ్ళు నిలిచేటియి,
కప్పలు రాత్రంత ఒకటే లొల్లి.
గిప్పుడు ఆ నీళ్ళకు తొవ్వ తెల్వక
మొన్న మా రేకుల షెడ్డులకే వచ్చినయ్.
బియ్యం నానినయ్."

నేనుండేది నయీంనగర్‌లో, మూడో అంతస్తు.
ఇంకా పందొమ్మిదేళ్ళ కిస్తీలు.
పాలు పొంగిన రోజు
ఈ నేల కింద ఏముండేదని నేనడగలేదు,
టైల్స్ రంగు గురించే పోట్లాడాను.
నాలా వెడల్పు సంగతి
వానాకాలం నాలుగు రోజులు మాట్లాడుకుంటాం,
కరెంటు రాగానే టీవీ పెడతాం.
ఎవరో ఒకరు వచ్చి నా ఇంటిని కూడా తూచే ఉంటారు.
పన్నెండో గడిలో ఏం రాశారో.

కప్పలు, అని టైపు చేశాను.
గడి ఎర్రబడింది. అంకె మాత్రమే ఇవ్వమంది.
ముంగిస. మళ్ళీ ఎరుపు.
మూడు దినాలు, అని కొడితే
మూడు ఉంచుకుని దినాలు మింగేసింది.
తుడిచేశాను.

సాయంత్రమైంది. స్లాబు అంచు నుంచి నీళ్ళు
ఒక్కో చుక్కా జారి
ఇసుక కుప్పలో పడి మాయమవుతున్నాయి,
చాలా రోజుల తర్వాత ఇల్లు చేరినట్టు.
ఇంజినీరు బండి స్టార్ట్ చేసి ఉంచాడు.

సున్నా కొట్టడానికి చెయ్యి రాలేదు.
ఒకటి కొట్టాను.
పంపిన ఫారం పచ్చగా వెలిగింది.

ఒకటి అంటే ఏమిటని
ఇంతవరకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.
చేస్తారేమోనని
వాన పడ్డ రాత్రుల్లో మాత్రం
ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను.